క్యాసెట్టు చివర వర్షం

ఈ సాయంత్రం కొత్తపేట వైపు నుంచి ఒక తండ్రీ కూతురూ మా ఇంటికి వచ్చారు. అమ్మాయికి ఎంసెట్‌లో ర్యాంకు వచ్చింది. దగ్గర్లో ఉన్న ప్రైవేటు కాలేజీలో పేమెంటు సీటు తీసుకుని కంప్యూటర్స్ చదివించాలా, ఫీజు తక్కువ కాబట్టి విశాఖపట్నం పంపి యూనివర్సిటీ కాలేజీలో దొరికిన బ్రాంచిలో చేర్చాలా అన్నది వాళ్ళ సందేహం. మా మామగారు వాళ్ళను వీధి అరుగు మీద కూర్చోబెట్టి, కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చి, నన్ను పిలిచారు.

"మా కోడల్ని అడగండి. మా అమ్మాయిని యూనివర్సిటీలో చేర్పించింది ఈవిడేనండి. మాకేం తెలుసండి, తుఫానులో చెట్లు పోగొట్టుకుని నెత్తిన చేతులు పెట్టుక్కూచున్నాం. ఈవిడ పిల్లకి తోడు వెళ్ళింది గాబట్టి సరిపోయింది."

ఏటా ఎంసెట్ ఫలితాలు వచ్చాక ఇలా ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. రాజోలు నుంచి వచ్చారు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటి అవతలి జిల్లా నుంచి కూడా వచ్చారు. అందరికీ మామగారు ఇదే మాట చెబుతారు. నేను తల వంచుకుని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోతాను. దాన్ని వాళ్ళు అణకువ అనుకుంటారు.

ఆ తండ్రికి ఈ రోజు నేనిచ్చిన జవాబు చివర్లో రాస్తాను. ముందు రాయవలసింది మా ఆడపడుచు గురించి. మా పాపా, మావారూ నిద్రపోయారు. ఒకరి మీద ఒకరు కాళ్ళు వేసుకుని పడుకోవడం వాళ్ళిద్దరికీ అలవాటు. అలా చూసినప్పుడు నాకు ముందు సంతోషం కలుగుతుంది. ఆ వెంటనే మా ఆడపడుచు గుర్తొస్తుంది. ఆ రెండూ విడిగా రావడం ఎప్పుడో మానేశాయి.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు ఆమె పదో తరగతి చదువుతోంది. నేను బీయస్సీ చదివానని ఆమె లెక్కలు నాకు అప్పజెప్పారు. వంటింట్లో పీటల మీద ఎదురెదురుగా కూర్చుని చేసేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి నాకు రాని లెక్కలు ఆమె నాకు చెప్పడం మొదలుపెట్టింది. "వదినా, నీ డిగ్రీ తడిసిపోయిందేమో, ఓసారి ఎండలో పెట్టు" అని ఏడిపించేది. పెళ్ళయిన రెండో ఏడు మావారు కరెంటు పని మీద మస్కట్ వెళ్ళారు. రెండేళ్ళ కాంట్రాక్టు. తిరిగొచ్చి రాజోల్లో మోటార్లు బాగుచేసే షాపు పెట్టాలని ఆయన కోరిక. ఆయన విమానం ఎక్కేనాటికి నాకు మూడో నెల. పుట్టిన పాపను ఆయన ఫోటోల్లోనే చూశారు.

ఆ కార్తీకంలో తుఫాను వచ్చింది. తెల్లవారి తోటలోకి వెళితే ఆకాశం మొత్తం కనిపించింది. మా కొబ్బరితోటల్లో నిలబడి తలెత్తితే ఆకాశం మట్టల సందుల్లోంచి ముక్కలుగానే కనిపించాలి. అంత ఆకాశం చూసి మామగారు కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు. పడిపోయిన చెట్లను లేపి నిలబెట్టలేం. కొత్త మొక్క వేస్తే కాపుకు వచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. ఇంటర్ రెండో ఏడు చదువుతున్న మా ఆడపడుచు, తడిసిన పుస్తకాలను పొయ్యి పక్కన ఆరబెట్టుకుని, కరెంటు లేని ఇంట్లో కిరసనాయిలు దీపం ముందు చదువుకుంది. ర్యాంకు తెచ్చుకుంది గాని, ఆమె కోరుకున్న కంప్యూటర్స్‌లో ఫ్రీ సీటు వచ్చేంత కాదు.

ఇంజనీరింగ్ సీట్లు రెండు రకాలు. ప్రైవేటు కాలేజీల్లో మంచి ర్యాంకు వాళ్ళకు ఫ్రీ సీట్లు, మిగిలినవాళ్ళకు ఎక్కువ ఫీజు కట్టే పేమెంటు సీట్లు. యూనివర్సిటీ కాలేజీలో ఫీజు నామమాత్రం, హాస్టల్ ఖర్చు కూడా తక్కువే. కాని అక్కడ ఆమె ర్యాంకుకు వచ్చేది సివిల్ ఒక్కటే.

"సివిలంటే ఏంటే అమ్మాయ్?" అని అడిగింది మా అత్తగారు.

"వంతెనలూ, భవనాలూ, కాలవలూ కట్టడం."

"ఆడపిల్ల ఎండలో నిలబడి తాపీమేస్త్రీలతో దెబ్బలాడుద్దా? రేపు సంబంధానికి వచ్చినోళ్ళకి ఏమని చెప్పాలి, మా పిల్ల సిమెంటు కలుపుద్దండీ అని చెప్పాలా?"

"సిమెంటు బాగా కలిపితే వాళ్ళిల్లు గట్టిగా ఉంటుందని చెప్పు" అంది మా ఆడపడుచు. నవ్వుతూనే అంది గాని, ఆమె చూపు అవతలి గట్టు కాలేజీ బ్రోచరు మీదే ఉంది. దాని అట్ట మీద కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి ఫోటో. ఏటికి అవతల కొత్తగా పెట్టిన కాలేజీ అది. అక్కడ కంప్యూటర్స్‌లో పేమెంటు సీటు ఆమె ర్యాంకుకు వస్తుంది.

శుక్రవారం మస్కట్‌లో సెలవు. ఆ సాయంత్రాల్లో రోడ్డు మీది ఎస్టీడీ బూతుకు మావారు ఫోన్ చేసేవారు. మేమంతా ముందే వెళ్ళి బల్ల మీద కూర్చునేవాళ్ళం. ఆ శుక్రవారం మామగారు విషయం చెప్పగానే ఆయన ఏమాత్రం ఆలోచించలేదు. ఆయన గొంతు రిసీవరు దాటి బయటికి వినిపించింది.

"దాన్ని కంప్యూటర్స్‌లోనే చేర్పించండి నాన్నా. దీపం ముందు కూచుని చదివింది. నేనింకో కాంట్రాక్టు రాస్తాను. అది చదువయ్యేదాకా ఇక్కడే ఉంటాను."

చివరగా రిసీవరు నా చేతికి వచ్చింది. నా పక్కన అత్తగారు, వెనక ఆడపడుచు, తలుపు దగ్గర తమ వంతు కోసం ఎదురుచూస్తున్న పక్క ఊరివాళ్ళు.

"ఏమంటావు?" అన్నారాయన.

"మీ ఇష్టమండి" అన్నాను.

ఫోన్‌లో మాట్లాడుకునేది అవసరాలు మాత్రమే. మనసారా మాట్లాడుకోవాలంటే క్యాసెట్టే. సెలవుకు వచ్చినవాళ్ళు ఎవరైనా తిరిగి మస్కట్ వెళుతున్నారంటే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా పొట్లాలు కట్టి ఇచ్చేవారు. ఆవకాయ, ఆత్రేయపురం పూతరేకులు, వాటి మధ్య మెత్తగా గుడ్డ చుట్టిన క్యాసెట్టు. మా ఇంట్లో రేడియో, టేప్‌రికార్డరు కలిసి ఉన్న టూ-ఇన్-వన్ మావారు పంపించిందే. దాని మీద పెత్తనం మా ఆడపడుచుది. రేడియో స్టేషన్‌లో లాగా వేలు ఎత్తి చూపిస్తే అప్పుడే మాట్లాడాలి. దించితే ఆపేయాలి.

ఫోన్ వచ్చిన రెండు మూడు రోజులకే ఊళ్ళో ఒకతను మస్కట్ ప్రయాణమయ్యాడు. ఆ మధ్యాహ్నం నడవలో చాప వేసి కూర్చున్నాం. బయట వాకిట్లో విత్తనాల ధాన్యం ఎండబోశాం. మొదటి వంతు మామగారిది. ఆయన మస్కట్‌కు నేరుగా వినిపించాలన్నట్టు అరిచేవారు.

"అబ్బాయ్, వింటన్నావా?" అని ఆగి చూశారు.

"నాన్నగారూ, అన్నయ్య జవాబు చెప్పడండీ. మీరు చెప్పుకుంటూ పోవడమే."

"వింటన్నాడో లేదో తెలీకుండా ఎలా చెప్పమంటావు?"

అత్తగారు క్యాసెట్టుకు కూడా కొంగు సవరించుకుంటారు. ఒంట్లో ఎలా ఉంది, సరిగా తింటన్నావా అని అడిగి, గేదె ఈనిన సంగతి చెప్పి, కళ్ళు తుడుచుకుని, "ఇంక చాల్లే, ఆపెయ్" అన్నారు. నా వంతు వచ్చింది. అందరూ నా ముఖమే చూస్తున్నారు. పాపకు పళ్ళు వస్తున్నాయని, గోడ పట్టుకుని నిలబడుతోందని చెప్పాను. మీరు ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకోండి అన్నాను. పెళ్ళయి మూడేళ్ళు కూడా కాని మనిషి అంతకు మించి అత్తమామల ముందు ఏం మాట్లాడుతుంది?

అంతలో ఉరుము ఉరిమింది. వాకిట్లో ధాన్యం. "గోనెలు పట్రండ్రా!" అని అత్తగారు కేక పెట్టారు. మామగారూ, ఆడపడుచూ పరుగెత్తారు. ఎవరో టూ-ఇన్-వన్ మీద దుమ్ము పడకుండా కప్పే తువ్వాలును దాని మీదికి లాగేసి వెళ్ళారు. నేనొక్కదాన్నే మిగిలాను. ఉరుముకు అదిరి పాప ఏడుపు అందుకుంది. భుజాన వేసుకుని నడవలో అటూ ఇటూ తిరుగుతూ, నోటికి వచ్చిందేదో అంటూ ఊరుకోబెట్టాను.

"ఏడవకమ్మా, మీ నాన్నొస్తారు, నిన్నెత్తుకుంటారు. రారులే, ఎక్కడొస్తారు. మీ అత్తకి కంప్యూటర్లు కావాలి. ఆ చదువయ్యేసరికి నువ్వు పలకా బలపం పట్టుకుని బళ్ళోకి వెళ్ళిపోతావు. అప్పుడొచ్చి, ఎవరమ్మా నువ్వు అనడుగుతారు మీ నాన్న. ఎవరో మామయ్య వచ్చేడని నా వెనకాల దాక్కుంటావు నువ్వు."

జోలపాట పాడినట్టే అన్నాను. పసిపిల్ల తప్ప వినేవాళ్ళు లేరనుకున్నాను. పాప నిద్రపోయింది. వాన వెలిశాక అందరూ తడిసిన బట్టలతో లోపలికి వచ్చారు. క్యాసెట్టు సంగతి నేను మరిచిపోయాను. మా ఆడపడుచు మాత్రం మరిచిపోయే మనిషి కాదు. అంతకు ముందొకసారి బటన్ సరిగా నొక్కక ఖాళీ క్యాసెట్టు మస్కట్ దాకా వెళ్ళింది. అప్పటి నుంచి పొట్లం కట్టే ముందు మొదటి నుంచి చివరిదాకా ఆమె విని సరిచూసేది. ఆ రోజు కూడా టూ-ఇన్-వన్ తీసుకుని వెనక గదిలోకి వెళ్ళింది. భోజనాల వేళ వరకు బయటికి రాలేదు. వచ్చాక, "సరిగ్గా పడిందా?" అని అడిగాను.

"పడింది వదినా. అన్నీ బాగానే పడ్డాయి" అంది.

కౌన్సెలింగ్‌కు విశాఖపట్నం వెళ్ళాం. మామగారు, మా ఆడపడుచు, నేను. పాపను అత్తగారి దగ్గర వదిలాను. అప్పటికి ఇంట్లో నిర్ణయం అయిపోయింది. పేమెంటు సీటు, కంప్యూటర్స్. మామగారు ఫీజు సర్దుబాటు చేసుకుని నడుముకు గుడ్డలో చుట్టుకున్నారు. రాజమండ్రిలో రైలెక్కినప్పటి నుంచి చెయ్యి అక్కడి నుంచి తియ్యలేదు. హాలు గుమ్మం దగ్గర, పిల్లల వెంట ఒక్కరినే లోపలికి రానిస్తామన్నారు.

"నువ్వెళ్ళమ్మా. ఆ ఇంగ్లీషు టీవీలు నాకేం తెలుస్తాయి" అని ఆయన బయట చెట్టు కింద గొడుగు పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

లోపల గోడల మీద టీవీలు. ఏ కాలేజీలో ఏ బ్రాంచిలో ఎన్ని సీట్లు మిగిలాయో ఆ అంకెలు మెల్లగా పైకి జరిగిపోతుండేవి. ఒక ర్యాంకువాళ్ళు లేచి వెళ్ళగానే ఎక్కడో ఒక అంకె తగ్గేది. అది చూసి ఎవరో ఒక తండ్రి "అయ్యో" అనేవాడు. అవతలి గట్టు కాలేజీలో కంప్యూటర్స్ పేమెంటు సీట్లు ఇంకా ఉన్నాయి. నేను మా ఆడపడుచు చెయ్యి పట్టుకుని, "ఉన్నాయి, ఉన్నాయి" అన్నాను. నా మాటలో ఉత్సాహం ఉందా, లేదా అన్నది ఇప్పటికీ నాకు తెలియదు. ఆమె తలూపింది. టీవీ వైపు చూడలేదు.

మా వంతు వచ్చింది. కంప్యూటర్ ముందు కూర్చున్నాయన తలెత్తకుండానే, "ఏం కావాలమ్మా?" అన్నాడు.

"యూనివర్సిటీ కాలేజీ. సివిల్" అంది మా ఆడపడుచు.

నేను ఆమె వైపు తిరిగాను. ఆమె నా వైపు తిరగలేదు. ఆయన తలెత్తాడు.

"కంప్యూటర్స్ పేమెంటు దొరుకుతుంది. చూసుకున్నారా? ఒకసారి ఎక్కించేస్తే మార్చడానికుండదు." ఆమె తన కాగితాలు ముందుకు జరిపేసరికి నన్ను చూశాడు. "మీరేమంటారండి?"

చెప్పవలసింది నాకు తెలుసు. ఇంట్లో అందరూ అనుకున్నది కంప్యూటర్స్ అని, ఈ పిల్ల దీపం ముందు కూర్చుని చదివింది, అట్ట మీద ఫోటోను వేలితో తడుముతూ చూసుకున్నది దాని కోసమే అని తెలుసు. "ఒక్క నిమిషం ఆగండి, బయట వాళ్ళ నాన్నగారితో మాట్లాడి వస్తాం" అంటే సరిపోయేది. కాని ఆ ఒక్క క్షణంలో మావారు సంచీ భుజాన వేసుకుని మా వీధి మలుపు తిరగడం నా కళ్ళకు కట్టింది.

"తనిష్టమండి" అన్నాను.

ఎస్టీడీ బూతులో అన్నదీ ఇంచుమించు అదే మాట. అప్పుడు నోరు లేక అన్నాను. ఇక్కడ మాత్రం నన్నెవరూ ఆపలేదు.

బయటికి వచ్చి చెప్పగానే మామగారు చెట్టు కింద నుంచి లేచి నిలబడ్డారు. ఆయన ముఖంలో ఒక భారం దిగిపోవడం, దిగిపోయినందుకు ఆయన సిగ్గుపడటం రెండూ కనిపించాయి.

"సివిలా? అనుకున్నది అది కాదు గదమ్మా. ఎవరు చెప్పేరు?"

నేను నోరు తెరిచే లోపల మా ఆడపడుచు అంది. "వదినే చెప్పింది నాన్నగారూ. యూనివర్సిటీ డిగ్రీ అంటే ఆ విలువే వేరంట. ప్రైవేటు కాలేజీలు నిన్నగాక మొన్న పెట్టినవంట."

"అలాగా అమ్మా?" అని ఆయన నన్ను అడిగారు.

"ఆయ్" అని తలూపాను.

ఆ ఒక్క మాటతో నా సలహా పుట్టింది. మామగారు రైల్లో ఎదుటి సీటువాళ్ళకు చెప్పారు. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు టీ కొట్టు దగ్గర చెప్పారు. ఊళ్ళోకి వచ్చేసరికి, మా కోడలు లేకపోతే మా పిల్లను ఎక్కడో పడేసేవాళ్ళం అనే దాకా పెరిగింది.

మా ఆడపడుచు హాస్టల్‌లో చేరింది. ఆ శివరాత్రికి ముందే మావారు కాంట్రాక్టు ముగించుకుని వచ్చేశారు. పాప మొదట నా వెనకాల దాక్కుంది. కాసేపటికి ఆయన మీసం పట్టుకు లాగింది. తర్వాత ఆయనను వదల్లేదు. ఆ రోజుల్లో నేను ఎంత సంతోషంగా ఉన్నానో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. మరో మనిషి ఉందన్న ధ్యాస లేనంత సంతోషం.

ఆయన పెట్టె సర్దుతుంటే అడుగున క్యాసెట్టు దొరికింది. పాపకు వినిపిస్తానని టూ-ఇన్-వన్‌లో పెట్టారు. మామగారి అరుపుకు పాప కిలకిలా నవ్వింది. అత్తగారి గేదె కబురు అయింది. నా పొడి మాటలు అయ్యాయి. తర్వాత టక్కుమని చప్పుడైంది. మా ఆడపడుచు గొంతు మొదలైంది.

"అన్నయ్యా, నేను నీకొక్కడికే చెబుతున్నాను. బాగా ఆలోచించుకున్నాను. నాకు సివిలే ఇష్టం. నేనే తీసేసుకుంటాను, నాన్నగారికి తర్వాత తెలుస్తుందిలే. నువ్వు కాంట్రాక్టు రాయకు. నువ్వు అక్కడెక్కడో కూచుంటే నేనిక్కడ కట్టిన వంతెన ఎవరు చూస్తారు? వచ్చెయ్."

మళ్ళీ టక్కుమంది. అప్పుడు వర్షం. మా వాకిట్లో, మా పెంకుల మీద కురిసిన వర్షం. దూరంగా అత్తగారి కేక, "అటు పక్క కూడా కప్పండి!" ఏడ్చి ఏడ్చి సద్దుమణుగుతున్న పాప వెక్కిళ్ళు. అక్కడితో అయిపోయింది.

"ఇదిగో, ఈ వర్షం ముక్క" అన్నారు మావారు, కళ్ళు మూసుకుని. "బటన్ ఆపడం మరిచిపోయినట్టుంది అది. మా గదిలో వాళ్ళంతా దీనికోసం కూచునేవాళ్ళు తెలుసా? మన వైపువాళ్ళే అందరూ. మాటలన్నీ గబగబా తిప్పేసి వర్షం దగ్గర ఆపేవాళ్ళం. ఒకసారి అయిపోతే, ఇంకోసారి పెట్టు బావా, ఇంకోసారి పెట్టు అనేవాడు మా పక్క మంచం అతను."

నేను వింటున్నాను. ఆ వర్షం మొదలైన చోట ఏం ఉండాలో నాకు తెలుసు. పాప ఏడుపు మొదలైన చోట నా గొంతు ఉండాలి. అది లేదు. సరిగ్గా అంత మేరకు నా మాటలు చెరిగిపోయి, వాటి మీద మా ఆడపడుచు మాటలు పరిచి ఉన్నాయి. తడిసిన బట్టలతో వెనక గదిలో ఆమె ఎంతసేపు కూర్చుందో అప్పుడు గుర్తొచ్చింది.

ఆమె వేసవి సెలవులకు వచ్చేదాకా రోజులు లెక్కపెట్టుకున్నాను. వచ్చిన మర్నాడు కాలవ రేవులో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"అది విన్నావు గదా" అన్నాను. దేని గురించో ఆమె అడగలేదు.

"రెండుసార్లు విన్నాను వదినా. చాలా కోపం వచ్చింది. అత్తకి కంప్యూటర్లు కావాలి అన్నావు చూడు, తిరనాళ్ళలో బొమ్మలు కావాలని మారాం చేస్తున్నానన్నట్టు అన్నావు."

"పసిదాన్ని ఊరుకోబెట్టడానికి..."

"తెలుసులే. పసిదాని దగ్గర అబద్ధం చెప్పరు గదా ఎవరూ."

నీళ్ళలో గుర్రపుడెక్క తేలుకుంటూ పోతోంది. దాన్ని కాలితో పక్కకు తోసింది.

"మరి హాల్లో నేనే చెప్పానని ఎందుకన్నావు?"

"నాకు నేనుగా తీసుకున్నానంటే నాన్న ఒప్పుకుంటారా? తన కోసం పిల్ల కోరుకున్న చదువు మానుకుందని జన్మంతా ఏడుస్తారు. బీయస్సీ చదివినోళ్ళు చెప్పేరంటే నమ్ముతారు." తడి కాళ్ళు పైకి తీసుకుని అంది, "ఇంకో సంగతి కూడా ఉంది. నిన్ను కూడా ఇందులో కలపాలనిపించింది. నేనొక్కదాన్నే ఎందుకు మొయ్యాలి?"

నేను గుర్రపుడెక్క ఆకు ఒకటి తుంచి నీళ్ళలో వేశాను.

"హాస్టల్ నుంచి రాసిన ఉత్తరాలు తీసి చూడు. ఒక్కదాంట్లోనూ నువ్వెలా ఉన్నావని అడగలేదు. కావాలనే అడగలేదు. నువ్వు కనిపెడతావేమోనని చూశాను. కనిపెట్టలేదు."

కనిపెట్టలేదు. ఆ ఉత్తరాలు అత్తగారికి నేనే చదివి వినిపించాను. అందరూ క్షేమమని తలుస్తాను అని రాస్తే, ఆ అందరిలో నేనూ ఉన్నాననుకున్నాను.

"మీ అన్నయ్యకు చెప్పేస్తాను" అన్నాను.

"చెప్పకు. చెప్తే అన్నయ్యకి పాపను ఎత్తుకున్నప్పుడల్లా నేనే గుర్తొస్తాను. నీకు గుర్తొస్తే చాలు." అని, నా ముఖం చూసి నవ్వింది. "అలా పెట్టకు ముఖం. పద, ఆకలేస్తోంది."

ఆమె చదువు పూర్తయింది. ఇప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర, మా జిల్లాలోనే డ్రెయిన్ల మీద వంతెనలు కట్టే చోట సైటు ఇంజనీరు. ఎండకు ముఖం నల్లబడింది. అరచేతులు గట్టిపడ్డాయి. కంప్యూటర్స్ చదివిన ఆమె స్నేహితురాళ్ళు హైదరాబాదులో, బెంగుళూరులో చల్లని గదుల్లో ఉద్యోగాలు చేస్తున్నారు. వాళ్ళ శుభలేఖలు వచ్చినప్పుడు అత్తగారు వాటిని తిప్పి తిప్పి చూసి, నిట్టూర్చి, అటక మీద పెడతారు. నన్ను ఒక్క మాట అనరు. అంటే బాగుండేది.

మావారి షాపు నిలదొక్కుకున్నాక ఒకసారి ధైర్యం చేసి ఆమెతో అన్నాను. ఇప్పుడైనా హైదరాబాదు వెళ్ళి కంప్యూటర్ కోర్సు చెయ్యి, మేం చూసుకుంటాం, మీ అన్నయ్యను నేను అడుగుతాను అని.

"నాకిప్పుడు సివిలే బాగుంది వదినా" అంది. "అదే నీకు ఇబ్బంది. బాగాలేదన్నాననుకో, ఏదో ఒకటి చేసి తీర్చేసుకుని హాయిగా ఉండేదానివి."

అది నిజంగా అందో, నన్ను ఊరుకోబెట్టడానికి అందో నాకు తెలియదు. నేను పాపను ఊరుకోబెట్టినట్టు ఆమె నన్ను ఊరుకోబెడుతూ ఉండవచ్చు. ఆదివారాలు వచ్చినప్పుడు పాపను స్కూటీ మీద సైటుకు తీసుకెళుతుంది. తిరిగి వచ్చి పాప, అత్త అరిస్తే అందరూ వింటారు అని గొప్పగా చెబుతుంది. మావారు మురిసిపోతారు. "నాకు క్యాసెట్టులో ముందే చెప్పింది, వంతెనలు కడతానని" అంటారు. ఆ క్యాసెట్టు బీరువాలో ఉంది. వానాకాలం వస్తే ఇప్పటికీ ఒకసారి తీసి వింటారు. బయట అదే వర్షం కురుస్తున్నా సరే.

ఇక ఈ సాయంత్రం సంగతి.

మామగారు తన మాట పూర్తి చేశాక ఆ తండ్రి నా వైపు తిరిగి, చేతులు కట్టుకుని, "తమరే చెప్పాలండి. తమరు ఏదంటే అదే" అన్నాడు. ఆ అమ్మాయి అరుగు చివర కూర్చుని, తాగేసిన బొండంలో పుల్లతో గెలుకుతోంది. నేను ఆమెను మంచినీళ్ళు ఇస్తానని లోపలికి పిలిచాను. వంటింట్లో ఇద్దరమే ఉన్నాం.

"నీకేం చదవాలని ఉందమ్మా?" అన్నాను. "ఫీజు సంగతి పక్కన పెట్టు. నాకు చెప్పు."

ఆ అమ్మాయి గుమ్మం వైపు చూసింది. అక్కడి నుంచి వాళ్ళ నాన్న చెప్పుల జత మాత్రమే కనబడుతోంది. ఒక చెప్పుకు తీగతో కుట్టు వేసి ఉంది.

"నాన్నగారు ఏదంటే అదేనండి" అంది.

"నీ ఇష్టం చెప్పమంటున్నాను."

"యూనివర్సిటీయే బాగుంటుంది గదండీ?"

"బాగుంటుంది. నేను కాదనను. చాలామందికి బాగుంది. నీకు అదే ఇష్టమా అని అడుగుతున్నాను."

"ఆయ్" అంది, నా కళ్ళలోకి చూడకుండా.

ఆ మాట నేను ఎన్నిసార్లు అన్నానో నాకు తెలుసు. దాని కింద ఏముంటుందో తెలుసు. ఆ అమ్మాయి దాని కింద ఏం దాచిందో మాత్రం తెలియలేదు. మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చి బయటికి వచ్చాను.

"నన్ను అడక్కండి" అన్నాను ఆ తండ్రితో. "ఆదివారం మా ఆడపడుచు వస్తుంది. అక్కడ చదివింది ఆవిడ. అమ్మాయిని ఒక్కదాన్నే పంపించండి, వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు. ఆ రోజు హాల్లో నేను చెప్పింది ఏమీ లేదండి. అంతా ఆవిడే చూసుకుంది."

చెప్పకు అన్న మాట దాటకుండా నేను చెప్పగలిగింది అంతే. నేను మామగారి ముఖం చూశాను. ఇన్నేళ్ళుగా ఆయన ఊరంతా చెప్పుకున్న మాటను కోడలు కాదంది. ఆయన కండువా తీసి దులిపి మళ్ళీ భుజాన వేసుకున్నారు. తర్వాత ఆ తండ్రి వైపు వంగి, నాకు వినబడేలాగే అన్నారు.

"చూసేరా అండీ? అంత చేసింది, నేనేం చెయ్యలేదంటది. ఇదే మా కోడలితో వచ్చిన చిక్కు. తన గొప్ప తాను చెప్పుకోదు."

ఆ తండ్రి నాకు మళ్ళీ చేతులు జోడించాడు.